వంకర వరుస

నా పని తవ్వడం.
రూర్ లోయలో బొగ్గు అయిపోయాక
నేల కిందికి దిగే కొలువుల్లో
మూతపడకుండా మిగిలింది ఇదొక్కటే.

మార్చిలో మునిసిపాలిటీ కాగితం వచ్చింది:
పడమటి గోడ పక్క ఏడో మడి, ఇకనుంచి ముస్లింలకు.
కాగితంతో పాటు ఒక దిక్సూచి.
మావాళ్ళంతా తూర్పుకు కాళ్ళు చాపి
బళ్ళో బెంచీల్లా తిన్నగా ఉంటారు.
వీళ్ళ తల నైరుతికి పెట్టాలి,
కుడివైపు ఒత్తిగిలిస్తే మొహం ఆగ్నేయానికి.
పార దగ్గరుంటే ముల్లు అబద్ధమాడుతుంది,
దూరంగా పెట్టి చూడాలి.
గడ్డి కోసే బండి ఆ మూల తిరగదు.
వారమంతా దాని మీదే సణిగాను.
బండి మీదే కాదు లెండి.

ఆ నెలలోనే తపాలా పెట్టెలో ఒక కరపత్రం.
రెండు గీతలు, ఒకటి దిగుతూ, ఒకటి ఎక్కుతూ.
కలిసే చోట ఎర్ర చుక్క, పక్కన ఒక సంవత్సరం.
ఆ ఏటికి నాకు ఎనభై మూడు నిండుతాయి.
చెత్తలో పారేశానని చెప్పుకుంటే బాగుండేది.
సొరుగులో, పాత బ్లేడ్ల కింద దాచాను.

మా ఇంటిపేరు నోవాచిక్.
ముత్తాత పోజ్నాన్ నుంచి మూటతో దిగినప్పుడు
వీధిలో వాళ్ళు పిల్లల్ని లెక్కపెట్టేవారట:
ఒకటి, మూడు, ఆరు, తొమ్మిది,
"వీళ్ళిలా కంటూ పోతే..."
నాయనమ్మ ఆ మాట చెప్పి పగలబడి నవ్వేది.
తర్వాత కిటికీ తెర తొలగించి
ఎదురింటి టర్కీ వాళ్ళ పిల్లల్ని లెక్కపెట్టేది.

నెజ్‌దెత్ ఎరోల్ వచ్చాడు, భార్యకు చోటు చూసుకోవడానికి.
నలభై ఏళ్ళు చందా కట్టాడట,
శవమయ్యాక విమానంలో జోంగుల్దాక్ చేరడానికి.
"గుల్సూమ్ వద్దంది. అక్కడ నీళ్ళు పోసేవాళ్ళెవరూ లేరు,
మనవరాలి ట్రాము ఈ గేటు ముందే ఆగుతుంది, అంది."
ఎంతకాలం ఉండొచ్చు అని అడిగాడు.
ఇరవై ఐదేళ్ళు, ఆ తర్వాత మళ్ళీ కట్టాలి అన్నాను.
"చచ్చాక కూడా అద్దె కొంపేనా?
మాకు ఎప్పటికీ కావాలి."

ఆ 'ఎప్పటికీ' గుచ్చుకుంది.
మా నాన్నకు గడువు తీరితే
రాయిని నేనే పెకలించాను.
ఇప్పుడక్కడ ఎవరో దంతవైద్యుడు.

ఆ మాటే అనేశాను, కటువుగానే.
ముసలాయన నా చొక్కా మీది పేరు కూడబలుక్కుని చదివాడు.
"యోఖెన్ కొడుకువా?
ఎడమ రెక్క కింద నీలం మచ్చ, చేపలా.
బొగ్గు పెళ్ళ తగిలి లోపలే ఉండిపోయింది.
షిఫ్టు దిగాక ఆ వీపు నేను రుద్దేవాణ్ణి, నా వీపు అతను."

మా నాన్న వీపు నేనెప్పుడూ చూడలేదు.
వీళ్ళు ఒక్కపూటైనా మా ఇంట్లో తిన్నట్టు గుర్తులేదు.
పిలిచారు గనకనా అని అతను అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నా పార అడిగి తీసుకున్నారు.
తలో మూడు పారల మట్టి.
చేతి నుంచి చేతికి ఇవ్వరు,
నేలకు ఆనిస్తే తర్వాతివాడు అందుకుంటాడు.
ముప్పై ఏళ్ళలో మొదటిసారి
గుంత పక్కన ఊరికే నిలబడ్డాను.
చేతులు జేబుల్లో పెట్టుకోవాలో వద్దో తెలియలేదు.

'ఎప్పటికీ' సంగతి కౌన్సిలు ఇంకా తేల్చలేదు.
ఆ మూల గడ్డి కొడవలితో కోస్తున్నాను.
దిక్సూచి కూడా ఆ సొరుగులోనే ఉంటుంది,
బ్లేడ్ల పక్కన.
పొద్దున తీసేసరికి ముల్లు ఇనుము వైపే లాగుతుంటుంది.
బయటికి తెచ్చి, అరచేతిలో పట్టుకుని
కాసేపు ఆగాలి,
అది తేరుకునేదాకా.